జియాలజీ బేసిక్స్ టెస్టులో 40కి 17 వచ్చాయి, ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి

కోడూరు_తోట
అందరికీ నమస్తే. బీఎస్సీ జియాలజీ అయిపోయి ఏడాది అయింది, గనుల శాఖలో రాయల్టీ ఇన్‌స్పెక్టర్ లాంటి పోస్టుల కోసం చదువుతున్నాను. మొన్న ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు పెట్టిన బేసిక్స్ టెస్టు రాశాను. ఖనిజాలు, శిలలు, నిక్షేపాలు అన్నీ కలిపి 40 ప్రశ్నలు, నాకు 17 వచ్చాయి. డిగ్రీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నదాన్ని, రాత్రంతా నిద్ర పట్టలేదు. కీ ఇచ్చారు గానీ ఆ జవాబు ఎందుకైందో ఒక్క ముక్క రాయలేదు, ఫోన్ చేసి అడిగితే కీ చూసుకోమ్మా అన్నారు.

అస్సలు అర్థం కానివి నాలుగు. ఒకటి, హెమటైట్, గెలీనా, బాక్సైట్, బెరైటీస్‌లలో ఖనిజం కానిది ఏది అన్నారు, నేను బెరైటీస్ పెట్టాను, తప్పు. రెండు, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ఏ శిల అంటే గ్రానైట్ పెట్టాను, కీలో గాబ్రో అని ఉంది. మూడు, నల్లగా మెరిసే బరువైన రాయిని తెల్లటి పింగాణీ పలక మీద గీస్తే ఎర్రటి గీత పడింది, అదేంటి అన్నారు, నలుపు కదా అని మాగ్నెటైట్ పెట్టాను. నాలుగు, ధాతువు (ఓర్) అంటే ఏమిటి. "లోహం ఎక్కువ శాతం ఉన్న ఖనిజం" అని పెట్టాను, అదీ తప్పే. ఎవరైనా వివరంగా చెప్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

గ్రూప్స్_మళ్ళీ
టెన్షన్ పడకండి సిస్టర్. నేనూ ఇదే బ్యాచ్. నా పద్ధతి చెప్తాను, ఖనిజం ఒక పక్క, జిల్లా ఒక పక్క టేబుల్ రాసి గోడకు అంటించుకోండి, రోజూ పొద్దున ఒకసారి చదవండి. బెరైటీస్ కడప, మైకా నెల్లూరు, మాంగనీస్ విజయనగరం, బొగ్గు ఖమ్మం. పరీక్షలో వచ్చేవి అవే. గాబ్రోనా గ్రానైటా అని లోతుకు వెళ్తే సిలబస్ అవ్వదు.

పాతగని
అమ్మా, ముందు నీ నాలుగు ప్రశ్నలు చూద్దాం. నేను డ్రిల్లింగ్ క్యాంపుల్లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను, మీ కోడూరు పక్కనే మంగంపేటలోనూ కొన్నేళ్ళు ఉన్నాను.

బాక్సైట్ ఖనిజం కాదు, శిల. ఖనిజం అనాలంటే అది ప్రకృతిలో దానంతటదే పుట్టాలి, ఘనంగా ఉండాలి, లోపల పరమాణువుల అమరిక ఒక క్రమంలో ఉండాలి, రసాయన కూర్పు దాదాపు స్థిరంగా ఉండాలి. హెమటైట్ ఎక్కడ తీసినా ఐరన్ ఆక్సైడే, గెలీనా ఎక్కడ తీసినా లెడ్ సల్ఫైడే. బాక్సైట్ అలా కాదు. గిబ్సైట్, బోమైట్, డయాస్పోర్ అనే మూడు అల్యూమినియం ఖనిజాలు, వాటితో ఇనుప ఆక్సైడు, మట్టి కలిసిన ముద్ద అది. ఒక కొండ బాక్సైట్‌కీ ఇంకో కొండ బాక్సైట్‌కీ పాళ్ళు తేడా ఉంటాయి. బెరైటీస్ అన్నది వ్యాపారం పేరు, ఖనిజం పేరు బెరైట్, బేరియం సల్ఫేట్. నువ్వు పేరు చూసి తడబడి ఉంటావు.

మూడోది చాలామంది తప్పే ప్రశ్న. రాయి పైరంగు నమ్మకూడదు, పొడి రంగు నమ్మాలి. హెమటైట్‌లో స్పెక్యులరైట్ అని ఒక రకం అద్దంలా నల్లగా మెరుస్తుంది, కానీ పింగాణీ మీద గీస్తే ఎండిన రక్తం రంగు గీత వస్తుంది. మాగ్నెటైట్ గీత నల్లగానే ఉంటుంది, పైగా అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇంట్లో ఉన్న స్విచ్ బోర్డు పింగాణీ ముక్కో, బాత్రూం టైల్ వెనకవైపు మెరుపు లేని భాగమో చాలు, స్ట్రీక్ ప్లేటు కొనక్కర్లేదు.

ధాతువు సంగతి మళ్ళీ రాస్తాను, అది పెద్దది.

చీమకుర్తి_కటింగ్
రెండో ప్రశ్న నాది. నేను కటింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని, 12 ఏళ్ళుగా గెలాక్సీ బ్లాకులే చూస్తున్నా. మేము గ్రానైట్ అనే అంటాం, బిల్లులో గ్రానైట్, ఎగుమతి కాగితాల్లో గ్రానైట్, మా ఊరిని జనం గ్రానైట్ ఊరు అంటారు. గట్టిగా ఉండి పాలిష్ పట్టే రాయి ఏదైనా ఈ వ్యాపారంలో గ్రానైటే. మా పిల్లాడు డిగ్రీలో జియాలజీ తీసుకుని వచ్చి నాన్నా ఇది గ్రానైట్ కాదు అన్నప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. తర్వాత వాడే స్లాబ్ మీద లెన్స్ పెట్టి చూపించాడు. గ్రానైట్‌లో పలుగు, అంటే క్వార్ట్జ్ ఉండాలి, బూడిదరంగు గాజు ముక్కల్లా కనిపిస్తుంది. దీంట్లో అది లేదు. మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్. కొనడానికి వచ్చేవాళ్ళు కొందరు ఇప్పటికీ అవి బంగారం రేణువులా అని అడుగుతారు, కాదని చెప్పడం నాకు అలవాటైంది.

కాబట్టి కీ కరెక్టే తల్లీ. కరీంనగర్ టాన్ బ్రౌన్ మాత్రం నిజంగా గ్రానైట్ జాతిదే అని మా వాడు చెప్పాడు.

పాతగని
మీ అబ్బాయి చెప్పింది నిజం. భూమి లోపల శిలాద్రవం నెమ్మదిగా చల్లారుతూ పొరలు పొరలుగా గట్టిపడిన గాబ్రో రకం రాయి చీమకుర్తిది. వ్యాపారులు ఒక పేరు, జియాలజిస్టులు ఒక పేరు వాడతారు. పరీక్షలో "శిల" అని అడిగితే జియాలజీ పేరు రాయాలి.

ఇక ధాతువు. ఒక రాయిలో లోహం ఎంత ఉందన్నది సగం ప్రశ్నే. తీసి అమ్మితే ఖర్చు పోను మిగులుతుందా అన్నది మిగతా సగం. బంకమట్టిలో అల్యూమినియం బోలెడుంటుంది, దాన్ని ఎవరూ ధాతువు అనరు, ఎందుకంటే విడదీయడానికి అయ్యే ఖర్చుకి లోహం ధర చాలదు. కోలార్ చూడు, 3 కిలోమీటర్ల లోతు దాటి వెళ్ళిన గని, 2001లో మూసేశారు. బంగారం మొత్తం అయిపోయి మూయలేదు, అంత లోతు నుంచి తీస్తే గిట్టుబాటు కాక మూశారు. అదే రాయి, నిన్న ధాతువు, ఇవాళ కాదు. ధర పెరిగితే మళ్ళీ ధాతువు కావచ్చు. మన అగ్నిగుండాల సీసం, రాగి సంగతీ ఇంతే, ఖనిజం భూమిలో ఉంది, గని నడవడం లేదు.

ఎర్రమట్టి_ఆస్ట్రేలియా
పాతగని గారూ నమస్కారం. నేను ఆస్ట్రేలియా కల్గూర్లీలో కోర్ లాగింగ్, అంటే డ్రిల్లింగ్‌లో పైకొచ్చిన రాతి కడ్డీలను చూసి నమోదు చేసే పని చేస్తాను, సొంతూరు అనంతపురం పక్క. ఇక్కడి రాళ్ళు చూస్తే నాకు మా రామగిరి బంగారు గనులు గుర్తొస్తాయి, రెండూ గ్రీన్‌స్టోన్ బెల్టులే (పాత లావా రాళ్ళు మారి ఏర్పడిన పట్టీలు), చాలా పాతదైన ఆర్కియన్ కాలంవే, పలుగు తీగల్లో బంగారం ఉండే తీరు కూడా దగ్గర దగ్గరే. ఇక్కడ పెద్ద ఓపెన్ పిట్‌లో టన్నుకి ఒకటి రెండు గ్రాముల బంగారం ఉన్నా తీస్తారు. అంటే టన్ను రాయిని పిండి చేస్తే ఏదో కొన్ని ముక్కుపుడకలకు సరిపడా. అదే గ్రేడు కోలార్ లోతుల్లో ఉంటే ఎవరూ ముట్టుకోరు.

ఇంకో విషయం. ఇక్కడ 1890ల్లో బంగారం టెల్యూరియంతో కలిసిన కాలవరైట్ అనే ఖనిజాన్ని గుర్తుపట్టలేక పనికిరాని పైరైట్ అనుకుని పారేశారని, రోడ్ల గుంతల్లో కూడా వేశారని చెప్పుకుంటారు. 1896లో అదేంటో తెలిశాక జనం రోడ్లు తవ్వుకున్నారట. రాయి పేరు తెలియకపోతే బంగారం మీదే నడుస్తాం. కోర్ బాక్సు ముందు కూర్చున్న ప్రతి కొత్త పిల్లాడికీ ఇది చెప్తాను.

గ్రూప్స్_మళ్ళీ
అన్నీ బాగున్నాయి సార్, కానీ మాకు 150 నిమిషాల్లో 150 బిట్లు. కోలార్ ఎందుకు మూసేశారో ఆలోచిస్తూ కూర్చుంటే పక్కవాడు సెలెక్ట్ అవుతాడు. ఖనిజం, జిల్లా టేబులే దిక్కు.

పాతగని
తమ్ముడూ, టేబుల్ వద్దనను, నేనూ రాసుకున్నాను ఒకప్పుడు. కానీ నీ టేబుల్ ఒకసారి చూడు. బొగ్గు ఖమ్మం అన్నావు, ఇల్లందు, కొత్తగూడెం 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. మైలారం రాగి కూడా అటే పోయింది. బయ్యారం ఇనుము మహబూబాబాద్‌లోకి వెళ్ళింది. ఇటు ఆంధ్రాలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి, అగ్నిగుండాల గుంటూరు నుంచి పల్నాడుకు వచ్చింది. జిల్లా పట్టుకుని చదివితే ప్రభుత్వం గెజిట్ ఇచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి చదవాలి. దానికి బదులు ఏ బేసిన్ (అవక్షేపాలు పొరలుగా పేరుకున్న పల్లం), ఏ రాయి అని పట్టుకో. గోదావరి లోయలో గోండ్వానా అనే పాత అవక్షేప పొరలు, వాటిలో బొగ్గు. కడప బేసిన్‌లో వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి), దాంట్లోనే తుమ్మలపల్లె యురేనియం, దాంట్లోనే పులివెందుల వైపు రాతినార (ఆస్‌బెస్టాస్). ఒక్క డోలమైట్ గుర్తుంటే రెండు బిట్లు వచ్చాయి కదా. డోలమైట్‌లోకి వేడి డోలరైట్ శిలాద్రవం చొచ్చుకొచ్చిన చోట మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి సర్పెంటైన్ పుట్టింది, అదే నార నారగా పెరిగి క్రిసోటైల్ రాతినార అయింది. కారణం తెలిస్తే ఊరు దానంతటదే గుర్తుంటుంది.

గ్రూప్స్_మళ్ళీ
ఇల్లందు విషయం కరెక్టే సార్, నా నోట్సులో పాత జిల్లానే ఉంది, మార్చుకుంటాను. నా వంతుగా ఒకటి చెప్తాను, ఇది అందరూ సరిచూసుకోండి. బెరైటీస్, మైకా, క్వార్ట్జ్, ఫెల్స్‌పార్ 2015లో మైనర్ మినరల్స్ (రాష్ట్రాల నియమాల కిందికి వచ్చే ఖనిజాలు) జాబితాలోకి వెళ్ళాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఈ నాలుగింటినీ మళ్ళీ మేజర్ మినరల్స్‌లోకి తెచ్చింది. పాత మెటీరియల్‌లో ఇంకా మైనర్ అనే ఉంది. మైకా, క్వార్ట్జ్ దొరికే పెగ్మటైట్ అనే ముతక గింజల రాళ్ళలోనే లిథియం, బెరిల్ లాంటివి ఉంటాయి, అవి లెక్కలోకి రాకుండా పోతున్నాయని మార్చారు.

కోడూరు_తోట
ఇది నాకు తెలియదు అన్నా, చాలా థాంక్స్. టెస్టులో నేను మేజర్ అని పెట్టాను, మైనర్ అనే కీ ఇచ్చారు, అంటే ఆ ఒక్కటీ నాదే రైటు. 18 అయ్యాయి.

ఇల్లందు_బిడ్డ
నాదొక డౌటు. మా నాన్న సింగరేణి బాయిలో చేసి రిటైరయ్యారు. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనుక్కున్నాడని, 1889లో తవ్వకం మొదలైందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. పాతగని గారు పైన చెప్పిన లెక్క ప్రకారం బొగ్గు ఖనిజం అవుతుందా కాదా? చెట్ల నుంచి వచ్చింది కదా, లోపల క్రమమైన అమరిక కూడా లేదు.

పాతగని
మంచి ప్రశ్న. జియాలజీ లెక్కలో బొగ్గు ఖనిజం కాదు, సేంద్రియ అవక్షేప శిల. చట్టం లెక్కలో మాత్రం 1957 గనుల చట్టం కింద ఖనిజమే. ప్రశ్న ఏ పేపర్లో వచ్చిందో చూసి రాయాలి. ఇంకో చిత్రం, మంచుగడ్డ ఖనిజం, నీళ్ళు కావు, ఎందుకంటే నీళ్ళు ఘనం కాదు.

ఇల్లందు_బిడ్డ
థాంక్యూ సార్. నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఒక మాట అన్నారు, రాయమన్నారు. బాయిలో కప్పు కింద పని మొదలుపెట్టే ముందు ఇనుప రాడ్డుతో పైన తట్టి చూసేవాళ్ళట. గణగణమంటే గట్టి రాయి, డొల్లగా మోగితే పైన పొర విడిపోయి ఉన్నట్టు, వెంటనే పక్కకు జరిగేవాళ్ళు. మా బతుకంతా ఆ చప్పుడు మీదే నడిచింది, పేర్లు మీరు పెట్టుకోండి అన్నారు.

తుగ్గలి_రైతు
మా వైపు సంగతి కూడా రాస్తాను. జూన్‌లో తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం దిగుతారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, చెట్ల కింద వండుకుంటారు. మాకు విత్తనం వేసే టైం అది, చేను తొక్కేస్తారు, చెప్పినా వినరు. దొరికిన తెల్లరాయి ప్రతిదీ తెచ్చి ఇది వజ్రమా అన్నా అని అడుగుతారు. నూటికి తొంభై తొమ్మిది పలుగురాళ్ళే. మొన్న ఒక కుర్రాడు వజ్రమైతే పగలదు అని రాయిని బండ మీద పెట్టి సుత్తితో కొట్టబోయాడు. ఆపాను. సరిగ్గా చేశానా? వజ్రం పగులుతుందా?

ఎర్రమట్టి_ఆస్ట్రేలియా
మంచి పని చేశారన్నా! వజ్రం సుత్తి దెబ్బకు పగులుతుంది. కాఠిన్యం అంటే గీతను తట్టుకోవడం, దెబ్బను తట్టుకోవడం వేరే గుణం. మోస్ స్కేలులో వజ్రం 10, అంటే దాన్ని వేరే ఖనిజం ఏదీ గీయలేదు. కానీ దాంట్లో నాలుగు దిశల్లో పగులు తలాలు ఉంటాయి, ఆ దిశలో దెబ్బ పడితే ముక్కలే. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలంటారు, అది కోత సంగతి. సుత్తికి ఆ లెక్క లేదు. ఈ పరీక్ష నమ్మి ఎన్ని మంచి రాళ్ళు పొడి అయిపోయాయో.

గాజును గీసింది కాబట్టి వజ్రం అనడం కూడా తప్పే. పలుగు కాఠిన్యం 7, గాజు ఐదున్నర దగ్గర, పలుగు కూడా గాజును గీస్తుంది. బరువు చూడాలి. వజ్రం సాంద్రత 3.5, పలుగు 2.65.

కోడూరు_తోట
వజ్రకరూర్ ప్రాథమికం, బనగానపల్లె, కొల్లూరు ద్వితీయం అని చదివాను. తుగ్గలి పొలాల్లోవి ఎక్కడివి మరి?

పాతగని
వజ్రం పుట్టేది చాలా లోతులో. కింబర్లైట్ అనే శిలాద్రవం గొట్టంలా పైకి చీల్చుకొస్తూ వాటిని మోసుకొస్తుంది. వజ్రకరూర్ దగ్గర ఆ గొట్టాలు ఉన్నాయి, అది పుట్టిల్లు. తర్వాత కోట్ల ఏళ్ళ వానలకు ఆ రాయి మెత్తబడి కొట్టుకుపోతే, వజ్రం మాత్రం అరగకుండా దొర్లుకుంటూ వెళ్ళి గులకరాళ్ళ పొరల్లో చేరింది. పాత గులకపొర గట్టిపడితే బనగానపల్లె కాంగ్లోమరేట్, కృష్ణ ఒడ్డు గులకల్లో అయితే కొల్లూరు. కోహినూర్ కొల్లూరుదే అంటారు. తుగ్గలి చేలల్లోవి కూడా ఇలా దొర్లి మట్టిలో చేరినవే. వాన పైమట్టిని కడిగితే రాయి బయటపడి ఎండకు మెరుస్తుంది, అందుకే తొలకరికి వెతుకులాట.

ఇప్పుడు అందరికీ నా ప్రశ్న, ఫోన్ చూడకుండా చెప్పండి. తూర్పు కనుమల్లో బాక్సైట్ కొండల నెత్తిమీదే ఎందుకుంటుంది? లోయలో ఎందుకు ఉండదు?

చీమకుర్తి_కటింగ్
మా వాడిని అడగకుండా నేనే ప్రయత్నిస్తా సార్. వానకి కిందకి కొట్టుకుపోతే లోయలోనే పోగవ్వాలి కదా మరి. పైన ఉందంటే అది కొట్టుకొచ్చింది కాదు, ఉన్నచోటే మిగిలింది.

పాతగని
భేష్! మీరు సగం పైన చెప్పేశారు. అక్కడి రాయి ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారు. గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్స్‌పార్ ఉండటం వల్ల అల్యూమినియం ఎక్కువ. కొండ పైభాగం బల్లపరుపుగా ఉంటే వాన నీరు జారిపోకుండా లోపలికి ఇంకుతుంది, ఇంకుతూ సిలికాను, సోడియం, పొటాషియంలను కరిగించి తీసుకుపోతుంది. కరగని అల్యూమినియం, ఇనుము పైన మిగిలిపోతాయి. వాలులో అయితే నీరు ఇంకదు, మెత్తబడిన మట్టి కూడా కోసుకుపోతుంది. కాబట్టి అనంతగిరి, చింతపల్లి వైపు టోపీ పెట్టినట్టు నెత్తిమీదే.

కోడూరు_తోట
సార్, ఇవన్నీ చదువుతుంటే ఒకటి తోచింది. మా నాయనమ్మ వాడే మాటల్లోనే సగం జవాబులున్నాయి. ముగ్గురాయి అంటుంది, తెల్లటి పొడి వస్తుంది కాబట్టి. బలపం రాయి అంటే గీత పడేంత మెత్తన. పలుగు అంటే గీసుకుపోయేంత గట్టి. అభ్రకాన్ని కాకిబంగారం అంటుంది. ఇన్నేళ్ళూ ముగ్గురాయి వేరు, బెరైటీస్ వేరు అన్నట్టు చదివాను నేను! మంగంపేట మా ఊరికి అంత దగ్గర, మా అన్న అక్కడే టిప్పర్ నడుపుతాడు, ఒక్క రాయి కూడా ఎప్పుడూ చేత్తో పట్టుకుని చూడలేదు.

పాతగని
అయితే మీ అన్నను దారిలో పడి ఉన్న ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకో. దానితో పాటు చేలో ఒక పలుగురాయి ఏరుకో. ఇంట్లో వంటకు వాడే డిజిటల్ త్రాసు ఉందా? ముందు రాయి పొడిగా తూచి రాసుకో. తర్వాత గిన్నెలో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చెయ్యి. రాయిని దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదియ్యి, అడుగుకీ గోడకీ తగలకూడదు. అప్పుడు త్రాసు చూపించే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం. మొదటి అంకెను రెండోదానితో భాగించు, వచ్చేదే సాంద్రత.

మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే ఒకేచోట ఉన్న అతిపెద్ద బెరైట్ నిక్షేపాల్లో ఒకటి. ఆ రాయిని చమురు బావుల్లోకి ఎందుకు పంపుతారో ఆ భాగహారం చేశాక నువ్వే చెప్పు.

కోడూరు_తోట
చేశాను సార్!! అన్న రాత్రి తెచ్చాడు. బూడిదరంగు ముక్క, తెల్లగా ఉంటుందనుకున్నాను, కాదు. చేతిలో పెట్టగానే చెయ్యి కిందకి దిగింది. పొడిగా 412 గ్రాములు, నీళ్ళలో 93. అంటే 4.43. పలుగు 212, నీళ్ళలో 80, అది 2.65. పుస్తకంలో అంకె అచ్చంగా నా వంటింట్లో వచ్చింది, రెండుసార్లు చేశాను నమ్మలేక. నాయనమ్మ కూడా వచ్చి కూర్చుంది. చాకుతో గీస్తే ముగ్గురాయి మీద గీత పడింది, పలుగు మీద చాకే అరిగింది.

చమురు బావి సంగతి, డ్రిల్లింగ్‌లో వాడే బురదలో ఈ పొడి కలిపితే ఆ బురద బరువెక్కి కింద నుంచి తన్నుకొచ్చే గ్యాసుని, నూనెని తొక్కిపెట్టి ఉంచుతుంది, అంతేనా? పైగా మెత్తన కాబట్టి డ్రిల్ బిట్టుని అరగదీయదు, నీళ్ళలో కరగదు.

పాతగని
అంతే తల్లీ. ఆ చివరి రెండూ నేను చెప్పలేదు, నువ్వే పట్టుకున్నావు.

గ్రూప్స్_మళ్ళీ
సిస్టర్, దారం ఏది వాడారు? మా ఇంట్లో త్రాసు ఉంది, బయ్యారం వైపు నుంచి ఫ్రెండ్ తెచ్చిన ఎర్ర రాయి ఒకటి టేబుల్ మీద పేపర్‌వెయిట్‌గా ఉంది.

కోడూరు_తోట
మామూలు కుట్టుదారం అన్నా, రెండు పేటలు వేశాను. ముందు పింగాణీ మీద గీసి గీత రంగు చెప్పండి, అంకె తర్వాత. నేను ఇక్కడి నుంచి ఊహించి రాస్తాను, తప్పితే చెప్పండి.

గ్రూప్స్_మళ్ళీ
గీత ఎర్రగా పడింది. అయస్కాంతానికి అంటుకోవడం లేదు. 318 గ్రాములు, నీళ్ళలో 63.

కోడూరు_తోట
5.05. హెమటైట్.